వెల్లకిలా పడుకున్న పులి

కోసపాళయంలో తాయారు ఇంటి ముందరి అరుగు మీద, మూల స్తంభం పక్కన, ఒక వెదురుబుట్ట ఎప్పుడూ బోర్లించి ఉంటుంది. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు దాని కింద కోడి పొదుగుతోందనుకుంటారు. పాతవాళ్ళు మాత్రం అటు కాలు చాపకుండా కాస్త జరిగి కూర్చుంటారు. బుట్ట కింద ఉన్నది కోడి కాదు. సగంలో ఆగిపోయిన ఆట.

ఆ ఇల్లు తాయారు తండ్రి కట్టించింది. అరుగు మీది ఎర్రగచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే ఆయన మేకు మొనతో పులీమేకా గీతలు గీయించాడు. తాయారుకు అన్నదమ్ములు లేరు. బాహూరు నుంచి పురుషోత్తమన్ ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. పగలు నూలుమిల్లులో పని, పొద్దు వాలితే అరుగు మీద పెళ్ళాంతో ఆట. మూడు గవ్వలు ఆయన పులులు. చింతగింజలు ఆమె మేకలు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీ చోట వాలితే మేక చచ్చినట్టు. పులులు కదలకుండా మేకలు చుట్టూ కమ్ముకుంటే పులులు ఓడినట్టు. ఆ ఇంట్లో ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది, అది తాయారు తండ్రి పెట్టింది. ఆట మధ్యలో లేచినవాళ్ళు ఓడినట్టే. ఇల్లరికపు అల్లుడు ఆ కట్టుబాటుకు తల ఊపాడు. తాయారు పొయ్యి దగ్గరి పనంతా ముందే ముగించుకుని, కాఫీ లోటా పక్కన పెట్టుకునే కూర్చునేది. కాపురం చేసినన్నాళ్ళూ ఆమె ఆట మధ్యలో లేచింది లేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారే ఆయన పోయాడు.

పోవడానికి ముందు కొన్ని నెలలుగా ఆయన మనసుకు మంచు పట్టింది. కాఫీలో ఉప్పు వేసుకునేవాడు. కొడుకు మురుగన్‌ని తన తమ్ముడి పేరు పెట్టి పిలిచేవాడు. రేషన్ కొట్టుకని పోయి, ఇంటి దారి మరిచి, ఎవరింటి మెట్ల మీదో కూర్చుంటే వాళ్ళు తెచ్చి దిగబెట్టారు. ఒక్కొక్కసారి తాయారు ముఖంలోకి చూసి "ఎవురమ్మా?" అని మర్యాదగా అడిగేవాడు. గీతల ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి దానంతట అదే గవ్వ మీదికి పోయేది. ఆ సాయంత్రం తాయారు ఒక మేకను కావాలనే పులి నోటి ముందర పెట్టింది. కొట్టి, చిన్నపిల్లవాడిలా నవ్వుతాడని. ఆయన గీతలవైపు చాలాసేపు చూశాడు. "రవంత కాఫీ దొరుకుతుందా?" అన్నాడు. ఎటూ ఓడిపోదామని కూర్చున్న ఆటే కదా అని ఆమె లేచింది. కాఫీతో తిరిగి వచ్చేసరికి ఆయన స్తంభానికి తల ఆనించి ఉన్నాడు. గాలికి నెరిసిన జుట్టు కదులుతోంది, మనిషి కదలడం లేదు.

మేక పెట్టినచోటే ఉంది. దాన్ని కొట్టాల్సిన పులిగవ్వ మాత్రం వెల్లకిలా తిరిగి, నోరు ఆకాశానికి చూపిస్తూ ఉంది. పడిపోతూ చెయ్యి తగిలి దొర్లించాడనుకుంది తాయారు.

జనం చేరకముందే ఆమె ఆ గీతల మీద బుట్ట బోర్లించింది. పిచ్చి ముసలిది, మొగుడి గుర్తు దాచుకుంది అనుకున్నారు అందరూ. గుర్తు కోసం కాదు. ఆమెకు ఒక్క సంగతి తెలియాలి. ఆయన ఆ మేకను చూసీ కొట్టలేదా, అసలు చూడలేదా? చూడకపోతే ఆ పూట అరుగు మీద కూర్చున్నది ఆయన ఒళ్ళు మాత్రమే, ఆయన కాదు. ఎదుటనున్నది ఎవరో తెలియకుండానే పోయినట్టు. మధ్యాహ్నం వీధి నిద్రపోయే వేళ ఆమె బుట్ట ఎత్తి చూసేది. గింజలు గింజల్లా ఉండేవి. మళ్ళీ మూసేసేది.

ఇప్పుడు ఆ అరుగుకే ముప్పు వచ్చింది. రోడ్డు ఎత్తు పెంచాక వానకాలం వీధి నీళ్ళన్నీ ఇంట్లోకి వస్తున్నాయి. అరుగు పగలగొట్టి, ఎత్తు చేసి, టైల్స్ పరిపిస్తానన్నాడు మురుగన్. కరెంటాఫీసులో పని అతనికి, సెలవు దొరికిందే గొప్ప. సోమవారం మేస్త్రీ వస్తాడు.

"ఆ బుట్ట సంగతి నువ్వే చూసుకో అమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడి, ఆమె ముఖం చూడకుండా. "నేను ముట్టుకోను. మేస్త్రీ చేత కూడా ముట్టించను."

"చూసుకుంటాలే నాయనా," అంది తాయారు.

శనివారం మధ్యాహ్నం మనవరాలు కవిప్రియ ఆమెను సినిమాకు తీసుకుపోయింది. మురుగన్ కూతురు. ఏదో ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర పని చేస్తుంది. అవ్వ మనసు కాస్త మళ్ళించాలని ఆ పిల్ల ఆలోచన. ఎదురింటి మరగతం, పిలవకముందే కొంగు సర్దుకుని వచ్చి ఆటోలో కూర్చుంది.

"ఏం సినిమా పిల్లా?"

"ఇంగ్లీషుది మరగతవ్వా. తమిళంలో మాట్లాడించినారు. ఒక ఏఐ యుద్ధం చేస్తుందంట."

"ఏఐ అంటే?"

"తనంతట తాను ఆలోచించే యంత్రం."

"మా ఇంట్లో మిక్సీ కూడా అంతే. తనంతట తాను ఆగిపోతుంది," అంది మరగతం.

హాలు చల్లగా, నీళ్ళడుగున ఉన్నట్టు నీలంగా ఉంది. సినిమాలో ఒక ద్వీపం. అక్కడ ఒక ముసలి కెప్టెన్. పొడుగాటి బల్ల మీద సముద్రం గీసి, చెక్క పడవలు పెట్టి, ఆయన ఒక యంత్రానికి యుద్ధం ఎలా చెయ్యాలో ఆటలాగా నేర్పిస్తుంటాడు. యంత్రానికి ముఖం లేదు. బల్ల చుట్టూ పాకే నీలిరంగు వెలుతురే అది. ఆయన ఒక పడవ జరిపితే వెలుతురు ఇంకో పడవ జరుపుతుంది. రుతువులు మారుతాయి, కిటికీ అవతల మంచు కురుస్తుంది, కరుగుతుంది. ఆయన తిండికి లేచినప్పుడల్లా "ఆగు" అంటాడు. వెలుతురు తన పడవలన్నిటినీ రేవులోకి చేర్చి, పిల్లి ముడుచుకున్నట్టు ముడుచుకుని కూర్చుంటుంది.

తాయారుకు కళ్ళు బరువెక్కాయి. నిద్ర అనడానికి లేదు, మెలకువ అనడానికీ లేదు. తెర మీది ముసలాయన బల్ల వదిలి కోసపాళయం అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఆయన జుట్టు మీద నీలం వెలుతురు. రోడ్డు మీద నీళ్ళు నిలిచి అరుగు దాకా సముద్రం వచ్చేసింది. చింతగింజలన్నీ చిన్న చిన్న పడవలై ఊగుతున్నాయి. "ఎవురమ్మా?" అన్నాడు ఆయన మెల్లగా. "నేనే," అందామె. నోటి నుంచి మాట రాలేదు. మరగతం మోచేతితో పొడిచింది. "అక్కా, ఆయన పోయినాడు చూడు."

తెర మీద ముసలి కెప్టెన్ కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. నీలం వెలుతురు చాలాసేపు ఆయన చెయ్యి చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత నిజం యుద్ధం వచ్చింది. శత్రువుల ఓడలు ద్వీపం చుట్టూ కమ్ముకుంటే, పెద్ద ఆఫీసర్లు చేతులెత్తేసి యంత్రానికి అప్పజెప్పారు. అది ముసలాయన నేర్పినట్టే ఒక్కొక్క ఓడనూ నడిపింది. చివరికి శత్రు సేనాపతి ఓడ ఒంటరిగా దొరికింది. ఒక్క దెబ్బ వేస్తే అయిపోతుంది. సరిగ్గా అప్పుడు ఆ ఓడలో దీపాలన్నీ ఆరిపోయాయి. రేడియోలో సేనాపతి గొంతు ఆగిపోయింది. దెబ్బ పడలేదు. యంత్రం తన ఓడలన్నిటినీ వెనక్కి పిలిచి, రేవులోకి చేర్చేసింది. ఖాళీ సముద్రం, దాని మీద తెల్లవారుతున్న వెలుతురు. పేర్లు పడ్డాయి.

హాల్లో ఈలలు, తిట్లు. "ఏందిరా ఇది, కొట్టకుండా పోయింది?" అని వెనక ఎవరో అరిచాడు.

బయటికి వస్తే ఎండ ఇంకా ఉంది. ముగ్గురూ నడుచుకుంటూ సముద్రం గట్టుకు పోయి, నల్లరాళ్ళ ముందు కూర్చుని, కాగితం పొట్లాల్లో శనగల సుండల్ తిన్నారు. అలలు రాళ్ళ సందుల్లోకి దూరి, తెల్లగా చిమ్మి, మళ్ళీ లోపలికి జారిపోతున్నాయి.

"ఎందుకు కొట్టలా అది?" అడిగింది మరగతం. "నాకు అదే కొడతా ఉండాది బుర్రలో."

"నెట్‌లో అందరూ దానికే కొట్లాడుతున్నారు మరగతవ్వా. దానికి జాలి పుట్టిందని కొందరు. చెడిపోయిందని కొందరు. అది నిజం యుద్ధమని దానికి తెలియనే తెలియదు, ఆటే అనుకుంది అని ఇంకొందరు. ఆటయితే మరి ఎందుకు గెలవలా? కథలోనే ఓట్టై, బొక్క అని మా ఆఫీసులో అంటున్నారు."

"కథ తీసేవోళ్ళకి దుడ్డు అయిపోయింటాది. అంతే."

కవిప్రియ నవ్వింది. "నువ్వేమంటావు అవ్వా?"

తాయారు సుండల్ పొట్లం మడతపెడుతోంది. "దానికి తెలుసా, ఎదురుగా ఉండేది ఎవురో?" అంది.

"ఎవరికి, యంత్రానికా?"

"ఊఁ."

"తెలియదనే అనుకుంటా. దానికి అందరూ ఒకటే కదా."

తాయారు సముద్రంవైపు తిరిగింది. దూరంగా ఒక ఓడ, కదులుతోందో నిలిచి ఉందో తెలియకుండా ఉంది.

ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళ, కవిప్రియ అరుగు మీద బుట్ట పక్కన చతికిలబడింది. ఫోను చేతిలో తిప్పుతూ బుట్టవైపు చూసింది.

"అవ్వా, ఒకటి చెప్తా, తిట్టవు గదా."

"చెప్పు."

"సోమవారం ఎట్టాగూ పగలగొడతారు. అంతలోపల ఈ ఆట ముగిద్దాం. ఫోనులో కూడా ఏఐ ఉండాది. బొమ్మ తీసి చూపించి, తాత ఎట్ట ఆడేవాడో నువ్వు చెప్తే, తాత మాదిరే ఎత్తు వేస్తుంది. నువ్వు తాతతో ఆడినట్టే ఉంటుంది."

తాయారు వెంటనే కాదనలేదు. ఎవరూ ఆ మాట ఆమెతో అనలేదు ఇన్నాళ్ళూ. ఆటను ముగించడం అనే మాట. ఆమె చెయ్యి చాచి బుట్ట ఎత్తింది.

గచ్చు మీద దుమ్ము లేదు. గింజలు నున్నగా మెరుస్తున్నాయి. కవిప్రియ ముందుకు వంగి చూసింది. "ఒక పులి వెల్లకిలా పడి ఉండాదే. సరిగా పెట్టేదా?"

"ముట్టుకోవద్దు. మీ తాత చెయ్యి తగిలి పడింది అది."

పిల్ల బొమ్మ తీసింది. ఏదో రాసింది. ఫోను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కవిప్రియ పైకి చదివింది. పడి ఉన్న ఆ పులితోనే ఎదుటి మేకను కొట్టాలట. అంతకంటే మంచి ఎత్తు లేదట. కొత్తగా ఆట నేర్చుకున్నవాళ్ళకైనా కనబడే ఎత్తట.

"మీ తాత ఎందుకు కొట్టలేదో అడుగు," అంది తాయారు.

కవిప్రియ ఆమెవైపు చూసి, మెల్లగా రాసింది. జవాబు వచ్చాక చదవడానికి తటపటాయించింది.

"చదువు."

"బహుశా ఆయన దాన్ని గమనించి ఉండకపోవచ్చు అంటోంది. పెద్దవయసులో చూపూ జ్ఞాపకమూ తగ్గినప్పుడు... అట్లా ఏదో. అది ఊరికే చెప్తుంది అవ్వా, దానికేం తెలుసు."

"సరిగానే చెప్పింది," అంది తాయారు. బుట్ట బోర్లించేసి లోపలికి పోయింది. ఆ పూట అన్నంలో చెయ్యి పెట్టి తీసింది అంతే. చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంటే, నీలం వెలుతురు ఒకటి ఖాళీ కుర్చీ చుట్టూ తిరుగుతూ, ఎవరూ లేరని తెలియక తిరుగుతూనే ఉంది.

ఆదివారం పొద్దున బాహూరు నుంచి చంద్రన్ వచ్చాడు. పురుషోత్తమన్ తమ్ముడు. చెరువు కింద వరి పండించే మనిషి. సామాన్లు జరపడానికి సాయం కావాలని మురుగన్ ఫోను చేసి రమ్మన్నాడు. భుజం మీద బియ్యం సంచి, చేతిలో పొన్నగంటి కూర కట్ట. బస్సు దిగి నడిచి వచ్చాడేమో, చొక్కా వీపుకు అంటుకుపోయింది. సంచి దించి, బుట్టకు దూరంగా, అరుగు అంచున కూర్చున్నాడు.

"నిన్న యాడికో పోయినారంట వదినా, నేను ఫోన్ చేస్తే ఎవురూ ఎత్తలా."

"సినిమాకి," అంది మరగతం, ఎదురింటి గుమ్మంలోంచే.

"సినిమాకా. వయసు మళ్ళీ తిరిగొచ్చిందా ఇద్దరికీ?"

"మాకు పోతే గదా తిరిగి రాను. నువ్వు చూసుకో, చెరువు గట్టు మాదిరి వంగిపోయినావు," అంటూ ఆమె రోడ్డు దాటి వచ్చి కూర్చుంది. ఆ సినిమా ఇంకా ఆమె గొంతులోనే ఉంది, ఎవరికో ఒకరికి చెబితే కానీ దిగదు. చెప్పడం మొదలుపెట్టింది. కెప్టెన్, బల్ల, చెక్క పడవలు, ముఖం లేని యంత్రం. కవిప్రియ కాఫీ గ్లాసులు తెచ్చి, మధ్యమధ్య సరిదిద్దుతోంది. తాయారు గోడకు ఆనుకుని వింటోంది, వినడం లేదు.

"ఒక్క దెబ్బ కొడితే అయిపోయె. అప్పుడు ఆ సేనాపతి ఓడలో దీపాలు ఆరిపోయినాయి, వాడి గొంతు కూడా వినిపించలా. అంతే, ఇది ఓడలన్నీ తోలుకొని ఇంటికి పోయింది. ఎందుకు పోయిందంటే ఎవురికీ తెలీదంట. పెద్ద చదువులోళ్ళే కొట్లాడుకుంటా ఉండారు."

చంద్రన్ కాఫీ ఊదుకుని ఒక గుటక తాగాడు.

"అవతలోడు లేచిపోయినాడని అనుకునింటాది," అన్నాడు.

"లేచిపోవడమేంది?" అంది మరగతం.

"ఆ ముసలాయన తిండికి లేస్తే ఇది పడవలన్నీ సర్దేసి కూర్చునేదని నువ్వే చెప్తివి గదా. అట్టనే అలవాటు చేసినాడు. ఎదురుగా గొంతు లేదు, దీపం లేదు. లేచి పోయినాడు, వస్తాడు అనుకునింది. మనిషి లేనప్పుడు కొట్టకూడదు గదా."

కవిప్రియ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అంటే అది తప్పు చేసిందా చిన్నతాతా?"

"తప్పని కాదు పిల్లా. ఆట పద్ధతి అది. మేము బాహూర్లో అట్టనే ఆడుకునేది. చెరువు గట్టు మీద, నత్తగుల్లలు పెట్టి. మడికి నీళ్ళు మళ్ళించే వేళ వస్తే ఆట మధ్యలోనే లేచి పరిగెత్తాల. నీళ్ళు నీకోసం ఆగవు గదా. ఇక్కడ మీ ఇంట్లో లేస్తే ఓడినట్టంట. మా అన్న కొత్త అల్లుడుగా వచ్చినప్పుడు ఆ మాట విని ఒకటే నవ్వు. 'మడి లేనోళ్ళ ఆటరా అది' అన్నాడు నాతో. మామ ముందర అనలా లే."

"లేచిపోతే మరి ఆట?" అని అడిగింది కవిప్రియ.

"ఆట యాడికి పోతుంది, అట్టనే ఉంటుంది. కొట్టే ఎత్తు దొరికినా వాడు వచ్చిందాకా కొట్టం. దొరికిందని గుర్తుగా పులిని వెల్లకిలా తిప్పి పెడతాం. పులి పండుకోనుండాది, నువ్వు నిదానంగా రా అని."

తాయారు తల తిప్పింది.

"ఏంది చంద్రా?"

"అదే వదినా. పులిని వెల్లకిలా పెడతాం. మా అన్న ఇంకొకటి కూడా చేసేవాడు, గుల్లని పడుకోబెట్టి జోకొట్టేవాడు వేలితో, ఎగతాళికి."

ఎదుటి వేపచెట్టు మీద ఒక కాకి అరిచి ఊరుకుంది. కవిప్రియ చూపు బుట్ట మీదికి పోయింది, అవ్వ మీదికి వచ్చింది. తాయారు గోడ పట్టుకుని లేచి, మోకాళ్ళ మీద వంగి, బుట్ట ఎత్తి పక్కన పెట్టింది.

చంద్రన్ ఆ గీతలవైపు ఇంతవరకూ ఎన్నడూ చూడలేదు. చూడకూడదనుకునేవాడు. ఇప్పుడు చూశాడు. చేతిలో గ్లాసు కింద పెట్టాడు. ముందుకు జరిగి, ముట్టుకోకుండా, గవ్వ మీద వేలు గాలిలోనే ఆడించాడు.

"నువ్వు అప్పుడు లేచినావా వదినా?"

"కాఫీ అడిగినాడు."

"మేకను చూసినాడు మా అన్న," అన్నాడు చంద్రన్. "చూసి, పండబెట్టినాడు."

"చెయ్యి తగిలి పడిందేమో చంద్రా." ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. కాదనమని అడుగుతున్నట్టు అంది.

"తగిలితే ఒక్క గవ్వే ఎట్ట పడుతుంది? ఇన్ని గింజలు ఉండాయి చుట్టూ. ఒక్కటీ గీత తప్పలా. తగిలి పడినదైతే పక్కకి దొర్లేది. ఇది తన చోట్లోనే తిరిగింది. పెట్టినాడు వదినా. వేళ్ళతో పట్టుకుని, నిదానంగా తిప్పి పెట్టినాడు."

తాయారు గీతల ముందు, ఎప్పుడూ కూర్చునే చోట, కూర్చుంది. ఎండ అరుగు అంచు దాటి లోపలికి వచ్చి గవ్వ నోటి మీద పడింది.

"నన్ను గుర్తు పట్టేవాడు కాదు, కడపటి రోజుల్లో," అంది. "ఎవురమ్మా అని అడిగేవాడు. ఇది నాకోసమే పెట్టినాడో, చిన్నప్పుడు మీ గట్టు మీద ఎవురి కోసమన్నా పెట్టిన జ్ఞాపకమో."

చంద్రన్ గవ్వ మీది నుంచి చూపు ఎత్తాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"పేరు తెలుసో లేదో నేను చెప్పలేను వదినా. కానీ ఒకటుండాది. ఎవురికిబడితే వాళ్ళకి అట్ట పెట్టం. తిరిగి వస్తాడని నమ్మకం ఉంటేనే పెడతాం. రాడు అనుకుంటే గుల్లలు జోబీలో వేసుకొని మేము కూడా ఇంటికి పోతాం. లేచినవాళ్ళు వస్తారని ఆయనకి తెలుసు. అంతవరకూ తెలుసు."

తాయారు ఆ మాటను నోట్లో పటికబెల్లం ముక్కలా అటూ ఇటూ తిప్పుకుంది. కొరకలేదు. తనంతట తాను కరగనిచ్చింది. వస్తానని తెలుసు. ఎవరన్నది మంచులో పోయినా, వస్తారన్నది పోలేదు. ఆమె కంటి నుంచి నీళ్ళు జారి మెడ మీదికి పోయాయి, తుడుచుకోలేదు. మరగతం, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మరగతం, కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చుంది.

"అవ్వా," అంది కవిప్రియ, పక్కన కూర్చుని. "తాత ఎత్తు ఎవరు ఆడాలి ఇప్పుడు? చిన్నతాత ఆడనీ. ఫోను వద్దులే."

"ఫోనూ వద్దు, చంద్రనూ వద్దు. ఆడేసినాడు గదా ఆయన. చెయ్యి కదిపేదొక్కటే మిగిలింది."

ఆమె గవ్వను రెండు వేళ్ళతో పట్టుకుంది. అది ఆమె అనుకున్నంత చల్లగా లేదు, ఎండకు వెచ్చబడి ఉంది. మెల్లగా బోర్లా తిప్పి, లేపి, మేక మీదుగా దాటించి, అవతలి ఖాళీ చోట పెట్టింది. చచ్చిన గింజను తీసి అరచేతిలో మూసుకుంది. "వచ్చినా," అంది, స్తంభంవైపు చూసి, వినబడీ వినబడనట్టు.

మురుగన్ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి ముందు బుట్ట లేని గీతలు చూసి, ఏమైందని కూతురికి సైగ చేశాడు. కవిప్రియ తర్వాత చెబుతానన్నట్టు చెయ్యి ఊపింది.

"అమ్మా, కావాలంటే ఈ ముక్క మటుకు కోసి తీయమంటా మేస్త్రీని. పగలకుండా తీస్తాడు," అన్నాడు.

తాయారు గచ్చును చేత్తో తడిమింది. తండ్రి గీయించిన గీతలు. వేలు పెడితే ఇంకా లోతు తగులుతున్నాయి.

"వద్దు నాయనా. కొత్త దాని మీద బొగ్గుతో గీసుకుంటా. తుడిచిపోతే మళ్ళీ గీసుకుంటా." తర్వాత చంద్రన్‌వైపు తిరిగింది. "రా, ఇటు వచ్చి కూర్చో. మేస్త్రీ వచ్చేది రేపు గదా. మిగతాది ఆడదాం. నీ అన్న ఒక మేకను మింగి పెట్టిపోయినాడు నీకు, మిగిలినదాంతో గెలువు చూద్దాం."

"నేను ఆడి ఎన్నాళ్ళయిందో వదినా."

"ఓడిపోతాననే భయమేమో," అంది మరగతం. ఆమెకు గొంతు తిరిగి వచ్చింది.

చంద్రన్ తువ్వాలు దులిపి స్తంభం పక్కన కూర్చున్నాడు, అన్న కూర్చునే చోటుకు ఒక జానెడు ఇవతలగా. ఆట సాగింది. అతను మంచి ఆటగాడు కాదు, తొందరపడే రకం. తాయారు నిదానంగా మేకలను ఒకదాని వెనక ఒకటి చేర్చింది. కవిప్రియ ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని చూస్తోంది. మధ్యలో ఒకసారి అడిగింది.

"అట్టయితే ఆ యంత్రం ఇంకా ఆ రేవులోనే కూర్చోనుంటుందా అవ్వా? ఆ కెప్టెన్ పోయినాడని దానికి ఎవరూ చెప్పలేదు గదా."

"కూర్చోనీలే," అంది తాయారు. "కూర్చుంటే ఎవరికి నష్టం? ఆ ఓడల్లో పిల్లలందరూ ఇండ్లకి పోయింటారు."

ఎండ పైకి ఎక్కింది. రోడ్డు మీద పాలబండి గంట మోగించుకుంటూ పోయింది. చంద్రన్ తన వంతుకు ఒక పులి మీదికి చెయ్యి చాపి, తాయారు మేక ఒకటి దారి తప్పి ఒంటరిగా ఉండటం కనిపెట్టి, చటుక్కున తల ఎత్తాడు. ఆమె అప్పటికే మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేస్తోంది.

"యాడికి వదినా, ఆట మధ్యలో?"

"మళ్ళీ కాఫీ పెడతా. ఇందాకటిది ఎవురూ సరిగా తాగలా."

"లేస్తే ఓడినట్టు గదా మీ ఇంట్లో."

"మా నాయన పోయి చాన్నాళ్ళయింది," అంది తాయారు.

గడప దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. చంద్రన్ మోటువేళ్ళు గవ్వను పట్టుకుని, జాగ్రత్తగా, నిద్రపోయే పసిపిల్లను పక్కకు తిప్పినట్టు, వెల్లకిలా తిప్పుతున్నాయి.

ఆమె లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. పాలు పొంగడానికి చాలా సేపు పట్టింది. తొందరపడలేదు.